బరువు కదలడం లేదని మానేయాలా?

ఆహారం - ఆరోగ్యం: మీ ఉత్తరాలకు డైటీషియన్ జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధతో వచ్చాయి. చెప్పినట్టే తింటున్నాం, నడుస్తున్నాం, ఫలితం మాత్రం కనబడటం లేదు, ఇక ఓపిక లేదు అని. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, వీటిలో మూడింటికి వివరంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నా వయసు 42. హైస్కూల్లో టీచర్‌ని. ఇంట్లో నలుగురం. సంక్రాంతి సెలవుల్లో పరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగర్ 6.1 వచ్చింది. మందులు అప్పుడే వద్దు, బరువు తగ్గమన్నారు డాక్టర్ గారు. అప్పటికి 74.5 కేజీలున్నాను. ఎత్తు 155 సెంటీమీటర్లు. అప్పటి నుంచి వారంలో ఆరు రోజులు, పొద్దున్నే 40 నిమిషాలు నడుస్తున్నాను. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు తింటున్నాను. మొదటి నెల రెండున్నర కేజీలు తగ్గితే ఎంత సంబరపడ్డానో! ఆ తర్వాత రెండు నెలలకీ కలిపి 600 గ్రాములే. రోజూ లేవగానే మెషిన్ ఎక్కుతాను. ఒకరోజు 71.2 చూపిస్తే మర్నాడు 72.1 చూపిస్తుంది. ఇక ఆ రోజంతా స్కూల్లో పిల్లల మీద విసుక్కుంటున్నాను. "ఇంత కష్టపడి ఏం సాధించావు, హాయిగా తిను" అంటున్నారు మావారు. థైరాయిడ్ నార్మల్. లోపం ఎక్కడుంది? ఒక రోజు తిన్నవన్నీ రాసి పంపుతున్నాను.
- ఒక సోదరి, తెనాలి

జవాబు: ముందు ఆ మొదటి నెల సంగతి మాట్లాడుకుందామమ్మా. ఇప్పుడు మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ఆ నెలే. మనం తిన్న అన్నం, రొట్టెల్లోని పిండి పదార్థాన్ని కాలేయం, కండరాలు కొంత దాచి ఉంచుకుంటాయి. దాన్నే గ్లైకోజెన్ అంటారు. అందులో ప్రతి గ్రాముతోనూ సుమారు మూడు గ్రాముల నీరు కలిసి ఉంటుంది. తిండి తగ్గించి నడక మొదలుపెట్టగానే ముందు ఈ నిల్వ తగ్గుతుంది, దానితో ఉన్న నీరూ పోతుంది. అంటే మొదటి నెల మీరు తగ్గిన రెండున్నర కేజీల్లో నీటి వాటా బాగానే ఉంది. తర్వాత తగ్గిన 600 గ్రాములు చాలావరకు కొవ్వే. నీరు పోయిన వేగంతో కొవ్వు పోవాలని ఎదురుచూస్తే ఎవరికైనా నిరాశే మిగులుతుంది. మీ ఒళ్లు సరిగానే పనిచేస్తోంది.

ఇక 71.2 మర్నాటికి 72.1 ఎలా అయిందంటారా? ఒక్క రోజులో 900 గ్రాముల కొవ్వు పెరగాలంటే మామూలుగా తినేది కాక ఇంకో ఏడు వేల కేలరీల దాకా తినాలి. మీరు ఆ రోజు అలా ఏమీ తినలేదు. ముందు రోజు మధ్యాహ్నం ఆవకాయ అని రాశారు. ఉప్పు ఎక్కువైన రోజు ఒంట్లో నీరు నిలుస్తుంది. నెలసరి దగ్గర పడ్డప్పుడు కూడా అంతే, కొందరికి ఒకటి రెండు కేజీల తేడా వస్తుంది. మోషన్ సరిగా కాని రోజూ అంకె మారుతుంది. ఆ అంకె చూసి మనసు పాడుచేసుకోవడం, ఆ కోపం పిల్లల మీద చూపించడం, రెండూ అనవసరం. మెషిన్‌ను మంచం కిందకు తోసేయండి. ఆదివారం పొద్దున బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చాక, కాఫీకి ముందు ఎక్కండి. గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలోనే రాయండి. నెలసరి వారంలో ఎక్కకండి. ఈ నెల అంకెలను పోయిన నెల అంకెలతో పోల్చండి, నిన్నటితో వద్దు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. 74.5 నుంచి 71.4కు వచ్చారు, అంటే మొదటి బరువులో నాలుగు శాతం పైగా తగ్గారు. అయిదు శాతం తగ్గితే చాలామందిలో షుగర్, బీపీ, రక్తంలో కొవ్వు మెరుగుపడటం మొదలవుతుంది. మీకు అయిదు శాతమంటే 70.8 కేజీలు. ఇంకో 600 గ్రాములే. కాలేజీ రోజుల బరువుకు రావాలన్న కోరిక ఉంటే ఉండనివ్వండి గానీ, ఈ పూటకు మన గురి 70.8.

దీనికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. నా దగ్గరికి నీరసపడి వచ్చే ప్రతి ఒక్కరికీ ఇది చెబుతాను. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ బోర్డర్‌లో ఉన్న 531 మంది మీద ఒక అధ్యయనం చేసింది, 2006లో ప్రచురించింది. మామూలుగా వదిలేసిన వాళ్లలో మూడేళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్న వాళ్లలో 39 శాతం మందికే వచ్చింది. విశేషమేమిటంటే, అలా మార్చుకున్నవాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు. బరువు తగ్గకపోయినా నడక తన పని చేసింది. నడిచే కండరం రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది, ఇన్సులిన్ మాట మెరుగ్గా వింటుంది. ఇది బరువు మెషిన్‌లో కనబడదు, రక్త పరీక్షలో కనబడుతుంది. మీరు మొదలుపెట్టి మూడు నెలలు దాటింది. మూడు నెలల సగటు పరీక్ష ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను కొలుస్తుంది. ఆ కణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, ఇప్పుడు ఆ పరీక్ష మళ్లీ చేయిస్తే మీ కష్టం ఎటు పోయిందో తెలుస్తుంది. ఈ వారమే చేయించండి.

నడుం కొలత కూడా తీసుకోండి. మీ జాకెట్లు కుట్టే టైలర్ దగ్గరుండే టేపు చాలు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, చర్మాన్ని నొక్కకుండా కొలవాలి. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. మీది ఎక్కువే ఉండొచ్చు, కంగారు పడొద్దు. నెలకోసారి కొలిచి రాసుకోండి. బరువు కదలని నెలల్లో కూడా నడుం సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు తగ్గడం చూస్తుంటాను.

ఇక మీ తిండి కాగితం. పొద్దున మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ. పదకొండింటికి స్టాఫ్ రూమ్‌లో టీ. బాక్స్‌లో అన్నం, నెయ్యి వేసిన ముద్దపప్పు, దొండకాయ వేపుడు, ఆవకాయ, పెరుగు. ఇంటికి రాగానే టీ, చేగోడీలు. రాత్రి రెండు పుల్కాలు, మిగిలిన వేపుడు. ఇది మంచి ఇంటి తిండి, భయపడాల్సిందేమీ లేదు. చేగోడీలు ఎన్నో రాయలేదు, వేపుడులో నూనె ఎంతో రాయలేదు. నాకు ఆ రెండూ కావాలి.

నూనె సంగతి తేల్చడం తేలిక. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. మీ ఇంట్లో నలుగురు కాబట్టి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. కిరాణా చీటీ తీసి, నెలకు ఎన్ని ప్యాకెట్లు తెస్తున్నారో చూడండి. అయిదు, ఆరు అని ఉంటే మీ 600 గ్రాముల జవాబు అక్కడే దొరికింది. దొండకాయ ముక్కల్ని ముందు ఆవిరి మీద మెత్తబడనిచ్చి, మూకుడులో రెండు చెంచాల నూనెతో తాలింపు వేసి, ఆ ముక్కలు వేసి సన్నమంట మీద కదపండి. దించే ముందు పల్లీలు, ఎండు కొబ్బరి, వెల్లుల్లి కలిపి కొట్టిన కారం చల్లితే పిల్లలు కూడా వంక పెట్టరు. గరిటెల కొద్దీ నూనెలో వేయించే పని ఉండదు.

చేగోడీల బదులు నాలుగున్నరకు శనగ గుగ్గిళ్లో, ఉడికించిన గుడ్డో తినండి. స్కూలు నుంచి వచ్చేసరికి వేసే ఆకలి నిజమైన ఆకలి, దాన్ని అణచుకోమని చెప్పను. కానీ రెండు మార్పులూ ఒకేసారి వద్దు. ఈ నెల నూనె, వచ్చే నెల చేగోడీలు.

రాత్రి అన్నం సంగతి కూడా చెబుతాను. రెండు పుల్కాల్లో ఉన్న కేలరీలూ, చిన్న కప్పు అన్నంలో ఉన్న కేలరీలూ దాదాపు సమానం. పుల్కాలు ఇష్టంగా తింటుంటే సరే. బలవంతంగా తింటుంటే మాత్రం కప్పు అన్నం, దానికి రెట్టింపు కూర, పప్పు, మజ్జిగతో హాయిగా తినండి. ఏళ్ల తరబడి చేయలేని పనిని నెలల తరబడి భరించడం ఎందుకు? తిన్నాక డాబా మీద పది, పదిహేను నిమిషాలు తిరగండి. భోజనం తర్వాతి చక్కెర పెరుగుదలను అది బాగా తగ్గిస్తుంది. పొద్దున నడక మీకు వారానికి 240 నిమిషాలు అవుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 150 నుంచి 300 నిమిషాల లోపలే ఉంది, పెంచనక్కర్లేదు. వారంలో రెండు రోజులు మాత్రం నడక తగ్గించి, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం వంటి కండరాల వ్యాయామం చేయండి.

మీవారి మాట. ఆయన మిమ్మల్ని కించపరచాలని అని ఉండరు, మీరు దిగులుగా ఉండటం చూడలేక అని ఉంటారు. ఆయనకు వాదనతో జవాబు చెప్పొద్దు, ఒక పని అప్పగించండి. సాయంత్రం కూరగాయలు తేవడం, దొండకాయలు తరగడం, భోజనమయ్యాక డాబా మీదకు తోడు రావడం, ఏదైనా సరే. మీ రక్త పరీక్షకు వెళ్లేటప్పుడు ఆయన్నీ తీసుకెళ్లి చేయించండి. నలభై దాటాక ఇద్దరికీ అవసరమే.

ప్రశ్న: నమస్తే అక్కా. నాకు 35 ఏళ్లు, కరీంనగర్‌లో హార్డ్‌వేర్ షాపు ఉంది. 92 కేజీలున్న. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటా. 41 రోజులు నాలుగున్నరకు లేచి చన్నీళ్ల స్నానం, పూజ, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, నేల మీద పడక. ఒక్కరోజు కూడా తప్పలేదు. కానీ జిమ్‌కు ఏడాది పైసలు కట్టి మూడు వారాలు కూడా సక్కగా పోలేదు. ఇది రెండోసారి. దీక్షలో ఉన్న పట్టుదల ఇక్కడెందుకు లేదు? నాకు విల్‌పవర్ తక్కువనా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, 41 రోజులు చన్నీళ్ల స్నానం చేసినవాడికి విల్‌పవర్ తక్కువని ఎవరంటారు? నీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమైంది. ఎందుకంటే జవాబు అందులోనే ఉంది.

మాల వేసుకున్నప్పుడు నీ చుట్టూ ఏం జరుగుతుందో ఒక్కసారి చూసుకో. లేచే టైము నువ్వు రోజూ ఆలోచించి నిర్ణయించేది కాదు, మాల వేసుకున్న రోజే తేలిపోయింది. ఇంట్లో వంట మారిపోతుంది. ఇంట్లోవాళ్లు వేరే గిన్నెలు కూడా తీస్తారు. నల్ల బట్టలు చూసి షాపుకొచ్చిన వాడు కూడా "స్వామీ" అంటాడు. దోస్తులెవరూ "ఒక్క పెగ్గుకు ఏం కాదురా" అనరు. సాయంత్రం పూజకు నలుగురు స్వాములు ఎదురుచూస్తుంటారు. పోకపోతే ఫోన్ చేస్తారు. దారి తప్పకుండా చూడటానికి గురుస్వామి ఉంటాడు. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఇరవయ్యో రోజున నిన్ను నిలబెట్టి "ఇంతవరకు ఎంత ఫలితం వచ్చింది?" అని ఎవరూ అడగరు. నువ్వూ అడుక్కోవు. ఆ రోజు చేయాల్సింది చేస్తావు, అంతే.

జిమ్ దగ్గరికొస్తే ఇందులో ఏదీ లేదు. ఎప్పుడు పోవాలో రోజూ కొత్తగా నిర్ణయించుకోవాలి. షాపు మూసేది రాత్రి తొమ్మిదిన్నరకైతే అలసిపోయిన ఒంటితో నిర్ణయించుకోవాలి. తోడు ఎవరూ లేరు. ఇంట్లో వంట మారలేదు. పైగా అద్దంలో పొట్ట చూసుకుంటూ ఫలితం లెక్కేస్తున్నావు. నీకు అక్కడ తక్కువైంది ఏర్పాటు, పట్టుదల కాదు.

కాబట్టి ఏర్పాటు చేద్దాం. నాలుగున్నర వద్దు, అయిదున్నర చాలు. జిమ్ సంగతి మూడు నెలలు పక్కన పెట్టు, కట్టిన పైసల గురించి బాధపడకు. మానేరు డ్యామ్ కట్ట మీద పొద్దున నడిచేవాళ్లు ఉంటారు. నీతోపాటు మాల వేసుకునే స్వాముల్లో ఇద్దరిని పిలువు. మీ ముగ్గురికీ ఒక చోటు, ఒక టైము. రానివాడికి మిగతా ఇద్దరూ ఫోన్ చేయాలి. బూట్లు, టీషర్ట్ రాత్రే తలుపు దగ్గర పెట్టుకో. ఇంట్లో భార్యతోనో అమ్మతోనో కూర్చుని ఒక్క మాట అనుకోండి. రాత్రి భోజనం షాపు మూసి ఇంటికొచ్చాక పదింటికి కాకుండా, ఎనిమిదింటికే బాక్స్ షాపుకు రావాలి. దీక్షలో అల్పాహారం తిని పడుకున్నప్పుడు ఒళ్లు ఎంత తేలికగా ఉంటుందో నీకు నేను చెప్పనక్కర్లేదు.

రెండు చోట్ల మాత్రం దీక్ష దారి ఇక్కడ పనికిరాదు. దీక్షకు ముగింపు తేదీ ఉంది. మాల తీసిన వారంలోనే మటన్, బిర్యానీ మొదలై, తగ్గిన బరువంతా తిరిగి రావడం మన ఊళ్లలో ఏటా చూసేదే. దీనికి ముగింపు తేదీ పెట్టుకోకు. అందుకే మొదటి నుంచీ నియమాలు తేలికగా ఉండాలి. ఆదివారం ఇంట్లో కోడి కూర వండితే తిను, నాలుగు ముక్కలు ఎక్కువ తిన్నా పర్వాలేదు, అన్నం తగ్గించు.

రెండోది, దీక్షలో నియమం తప్పితే అపచారం అనుకుంటాం. వ్యాయామంలో ఒకరోజు తప్పితే ఏమీ కాదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కొత్త అలవాటు ఎన్ని రోజులకు దానంతటది జరిగే స్థితికి వస్తుందో చూశారు. సగటున 66 రోజులు పట్టింది. కానీ కొందరికి 18 రోజులైతే, కొందరికి లెక్క ప్రకారం 254 రోజుల దాకా. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు పడటానికి పెద్దగా అడ్డు రాలేదని కూడా అందులోనే తేలింది. నువ్వు మూడో వారంలో మానేశావు, అంటే అలవాటు ఇంకా మొదట్లో ఉండగానే. పెళ్లికి పోయినప్పుడో, స్టాక్ లారీ వచ్చినప్పుడో ఒక పూట పోతుంది. మర్నాడు అయిదున్నరకు కట్ట మీద ఉండు. పోయిన పూటకు బదులుగా రెట్టింపు నడవకు, ఉపవాసం ఉండకు.

92 కేజీలకు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఒకసారి చూపించుకుని మొదలుపెట్టు. నడిచేటప్పుడు గుండెల్లో బరువుగా అనిపిస్తే ఆగి, అదే రోజు డాక్టర్‌ను కలువు.

ప్రశ్న: అమ్మా, నా వయసు 68. రైల్వేలో రిటైరై రాజమండ్రిలో ఉంటున్నాను. ఏడాదిగా రోజూ గోదావరి గట్టు మీద అరగంట నడుస్తున్నాను. అప్పుడూ 78 కేజీలే, ఇప్పుడూ 78 కేజీలే. పోయిన నెల బీపీ మాత్ర డోసు సగానికి తగ్గించారు, అదొక్కటే. మా మనవడు ఫోన్‌లో చూసి "తాతయ్యా, నీకు అయిదు వేల అడుగులే, పదివేలు కావాలి" అంటున్నాడు. కుడి మోకాలు మెట్లెక్కేటప్పుడు నొప్పి. ఏ ప్రయోజనం లేనప్పుడు ఈ నడక మానేయమంటారా?
- ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: బాబాయి గారూ, బీపీ మాత్ర డోసు సగానికి తగ్గిందని రాసి, పక్కనే "అదొక్కటే" అన్నారు. మీ వయసులో ఇంతకన్నా ఏం కావాలండీ! ఏడాదిలో బరువు పెరగకుండా నిలవడం కూడా లాభమే. నడక మానొద్దు. డోసు ఇంకా తగ్గించాలన్నా, పెంచాలన్నా డాక్టర్ గారే నిర్ణయించాలి, మీరుగా మార్చుకోకండి.

పదివేల అడుగుల లెక్క వైద్యులు పరిశోధించి పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని ఆ అంకె పేరుతోనే అమ్మింది, అలా ప్రచారంలోకి వచ్చింది. తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో అరవై దాటినవారికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల దగ్గరే దాదాపు పూర్తి మేలు కనబడింది. అయిదు వేల దగ్గరున్న మీకు సాయంత్రం పది నిమిషాల నడక చాలు. మనవడిని వెంటబెట్టుకుని వెళ్లండి.

బరువు తూచుకోవడం మానేసి, కాళ్ల బలం చూసుకోండి. వెనక గోడకు ఆనించిన, చేతులు లేని కుర్చీలో కూర్చోండి. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో మనవడిని లెక్కపెట్టమనండి. మీ వయసు మగవారికి 12 కన్నా తక్కువ వస్తే కాళ్లలో బలం తగ్గిందని అర్థం. ఎంత వచ్చినా దిగులు పడకండి, వారంలో మూడు రోజులు అదే వ్యాయామంగా చేయండి, నెల తర్వాత మళ్లీ లెక్కపెట్టించండి. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం కూడా తగ్గుతుంది. కండ నిలవాలంటే పప్పు, పెరుగు, గుడ్డు, తింటే చేప, పూటపూటకూ ఏదో ఒకటి పళ్లెంలో ఉండాలి. పొద్దున ఒట్టి ఇడ్లీ, రాత్రి ఒట్టి ఉప్మాతో సరిపెట్టుకునే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు ఆ పని చేయకండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ను అడగండి.

మోకాలు వాచినా, నొప్పి రాత్రి నిద్ర చెడగొడుతున్నా ఎముకల డాక్టర్‌కు చూపించండి. అప్పటిదాకా గట్టు మెట్ల దగ్గర ఎక్కేటప్పుడు బాగున్న ఎడమ కాలు ముందు వేయండి, దిగేటప్పుడు నొప్పి ఉన్న కుడి కాలు ముందు దించండి. ఒక చెయ్యి ఎప్పుడూ పక్కనున్న ఆసరా మీద ఉండాలి.